స్టీలు కత్తికి అద్దపు మెరుపు

స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి మెరుపు తగ్గిందంటే లోహం పాడైందని కాదు, దాని మీద గీతలు పడ్డాయని. వంటింటి కత్తి రేకు మీద గీతలు పడడానికి కోసే పనికన్నా తోమే పనే పెద్ద కారణం. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బరు నారలకు అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు అంటించి ఉంటాయి. అవి స్టీలుకన్నా చాలా గట్టివి. మట్టి సరిగా వదలని చేమదుంపో కందో కోసినప్పుడు ఇసుక రేణువులు కూడా ఇదే పని చేస్తాయి. గీత పడాలంటే గీసేది గీయించుకునేదానికన్నా గట్టిదై ఉండాలి. మోస్ కొలమానంలో కత్తి స్టీలు సుమారు 6, ఇసుకలోని క్వార్ట్జ్ 7, అల్యూమినియం ఆక్సైడ్ 9. పాలిష్ చెయ్యడమంటే ఈ సూత్రాన్నే వరస తప్పకుండా వాడుకోవడం. ఉన్న గీతల్ని వాటికన్నా సన్నని గీతలతో చెరపాలి, ఆ సన్నని గీతల్ని ఇంకా సన్నవాటితో చెరపాలి, అవి కంటికి ఆనకుండా పోయేదాకా.

కంటికి ఆనకపోవడానికి ఒక లెక్క ఉంది. మనిషి కన్ను చూడగల కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉంటుంది. ఉపరితలం మీది ఎగుడుదిగుళ్లు ఈ కొలతతో పోటీపడేంత పెద్దవైతే కాంతి తలోదిక్కుకూ చెదిరిపోతుంది, లోహం బూడిదరంగుగా కనిపిస్తుంది. ఎగుడుదిగుళ్లు తరంగదైర్ఘ్యంలో పదోవంతు దగ్గరికి దిగితే వచ్చిన కాంతి వచ్చిన కోణంలోనే వెనుదిరుగుతుంది, లోహం అద్దమవుతుంది. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, అంటే 70,000 నానోమీటర్లు. అద్దంలాంటి కత్తి మీద మిగిలిన గీతల లోతు అందులో వెయ్యోవంతు కూడా ఉండదు. చేత్తో, కాగితంతో, కాస్త నీళ్లతో అంత నునుపు సాధించడం నమ్మశక్యంగా అనిపించదు గాని, పని వరస తప్పకపోతే అది మామూలుగా జరిగేదే.

పాలిష్ అంటే సన్నని గీతలేనన్న మాటను ఐజాక్ న్యూటన్ 1704లో అచ్చయిన తన 'ఆప్టిక్స్' గ్రంథంలోనే చెప్పాడు. తన టెలిస్కోపుకు రాగి, తగరం కలిసిన లోహపు అద్దాన్ని సొంత చేతులతో నునుపు చేసుకున్నవాడు కాబట్టి ఆయన మాటకు అనుభవం దన్నుగా ఉంది. అయినా రెండు శతాబ్దాల తర్వాత ఆ అభిప్రాయం పక్కకుపోయింది. స్కాట్లండ్‌లో పనిచేసిన జార్జ్ బీల్బీ 1921లో తెచ్చిన పుస్తకంలో, రుద్దినప్పుడు లోహపు పైపొర ద్రవంలా పారి గీతల్ని పూడ్చేస్తుందని వాదించాడు. 1937లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు రాపిడి వేడికి పైపొర నిజంగానే కరుగుతుందనేదాకా వెళ్లారు. 1950లలో ఆస్ట్రేలియా లోహశాస్త్రవేత్త లియొనార్డ్ శామ్యూల్స్ మైక్రోస్కోపు కింద చూపించినది మాత్రం న్యూటన్ వైపే మొగ్గింది. పాలిష్ రేణువులు కూడా నాగలి చాలు తీసినట్టు లోహాన్ని చెక్కుతూనే పోతాయి. చాలు లోతు తగ్గుతుంది, అంతే. ఇంట్లో కత్తి రుద్దేవాళ్లకు ఈ శాస్త్రచర్చలో పనికొచ్చే మాట ఒకటుంది. లోహం పారి గీతను పూడ్చదు. లోతైన గీత పోవాలంటే దాని అడుగుదాకా చుట్టూ ఉన్న లోహమంతా అరగాల్సిందే.

శామ్యూల్స్ పరిశోధనలో మరో సంగతి బయటపడింది. గీత కింద, కంటికి కనిపించని లోతుదాకా లోహం నలిగి ఉంటుంది. ఆ నలిగిన పొర మందం గీత లోతుకు కొన్ని రెట్లు ఉంటుంది. అందుకే పాత గీతలు కనబడకుండా పోయిన క్షణంలోనే పని ఆపకూడదు. ఆ దశకు అప్పటిదాకా ఎంతసేపు పట్టిందో ఇంచుమించు అంతసేపు ఇంకా రుద్దాలన్నది లోహపు నమూనాలు తయారుచేసేవారు పాటించే పద్ధతి. ఈ పని తలపెట్టిన చాలామందికి ఓపిక తప్పేది ఇక్కడే.

కత్తి ఏ స్టీలుదో తెలిస్తే పని తీరు తెలుస్తుంది. ఇంట్లో మంచి రకం పళ్లేలు, గ్లాసులు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న స్టీలుతో చేస్తారు. దానికి అయస్కాంతం అంటదు, ఎంత కాల్చి ముంచినా అది గట్టిపడదు. కత్తి స్టీలు వేరు. అందులో నికెల్ దాదాపుగా ఉండదు, క్రోమియం 13 నుంచి 15 శాతం దాకా, కార్బన్ కాస్త ఎక్కువగా ఉంటాయి. కాల్చి గబుక్కున చల్లారిస్తే అది గట్టిపడుతుంది, అయస్కాంతం అంటుకుంటుంది. జర్మన్ వంటకత్తుల్లో ఎక్కువగా వాడే రకంలో అర శాతం కార్బన్, 15 శాతం క్రోమియం, కొంచెం మాలిబ్డినం, వెనేడియం ఉంటాయి. రాక్‌వెల్ కొలమానంలో దాని గట్టిదనం 54 నుంచి 58 మధ్య. జపాన్ కత్తుల్లో ఒక శాతం కార్బన్ ఉన్న రకాలు 60 దాటుతాయి. గట్టిదనం పెరిగేకొద్దీ గీతలు త్వరగా పడవు, పడ్డవి త్వరగా పోవు.

కత్తులకు ఈ స్టీలు వచ్చింది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి. అక్కడ హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోవడాన్ని పరిశీలిస్తూ 1913లో 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్న స్టీలు పోత పోయించాడు. నమూనాను నునుపు చేసి, మైక్రోస్కోపు కింద పెట్టడానికి ఆమ్లం పూస్తే ఆమ్లం దాన్ని కొరకలేదు. పాలిష్ చేసి, ఆమ్లం పూసి, స్టీలు లోపలి కూర్పును చూసే ఆ పద్ధతి కూడా షెఫీల్డ్‌దే. 1860లలో హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టాడు. బ్రియర్లీ తన స్టీలు మీద వెనిగర్, నిమ్మరసం కూడా పోసి చూశాడు, మచ్చ పడలేదు. కత్తులు చేసే కంపెనీలో మేనేజరు ఎర్నెస్ట్ స్టూవర్ట్ ఈ లోహంతో కత్తులు చేయించాక 'స్టెయిన్‌లెస్' అన్న పేరు నిలబడింది.

మచ్చ పడకపోవడానికి కారణం పైన ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర. మందం కొన్ని నానోమీటర్లే. పాలిష్ చేస్తున్నప్పుడు ఆ పొర కాగితం ప్రతి కదలికకూ చిరుగుతుంది, గాలి తగిలిన వెంటనే మళ్లీ ఏర్పడుతుంది. కాబట్టి పాలిష్ చేస్తే కత్తి 'స్టెయిన్‌లెస్' గుణం పోతుందన్న భయానికి ఆధారం లేదు. పైగా లాభమే ఉంది. ఉప్పునీరు, చింతపులుసు నిలవడానికి గీతల్లాంటి సందులు తగ్గుతాయి కాబట్టి నునుపైన రేకు తుప్పును గరుకు రేకుకన్నా బాగా తట్టుకుంటుంది.

పని మొదలుపెట్టేముందు చూడాల్సింది, పోగొట్టాల్సింది మచ్చా గీతా అన్నది. ఆరిన నీటిచుక్క ఆనవాళ్లు, బోరునీళ్ల సున్నపు తెలుపు, వేడికి వచ్చిన ఇంద్రధనుస్సు రంగులు ఇవన్నీ పైపొర సంగతులు. వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో తడిపిన మెత్తని గుడ్డతో కాసేపు తుడిచి కడిగేస్తే ఇవి పోతాయి, కాగితం పట్టక్కర్లేదు. గోటిని అడ్డంగా జరిపితే తట్టుకునే గీత అయితే 400 నంబరు కాగితం నుంచి, గోటికి తగలకుండా కంటికి మాత్రమే కనిపించేదైతే 800 నుంచీ మొదలుపెట్టవచ్చు. అసలు ముట్టుకోకూడని కత్తులు కొన్ని ఉన్నాయి. రంగుపూత పూసినవాటిని రుద్దితే పూత పోతుంది. రేకు మీద కంపెనీ గుర్తు ఆమ్లంతోనో లేజర్‌తోనో పైపైన వేసి ఉంటే అది గీతలతోపాటే మాయమవుతుంది. డమాస్కస్ రకం అలల కత్తుల్లో ఆ అలలను ఆమ్లం పూసి పైకి తెస్తారు కాబట్టి అద్దంలా రుద్దితే అలలు వెలిసిపోతాయి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు దిమ్మెలు పూర్వం పశ్చిమాసియా కత్తుల తయారీకి వెళ్లేవి. ఆ కత్తుల మీది అలలను కూడా నునుపు చేశాక ఆమ్లగుణం ఉన్న ద్రావణం పూసే బయటికి తీసేవారు.

కావలసిన సామాను చాలావరకు కార్లకు రంగులు వేసేవాళ్ల దుకాణంలో దొరుకుతుంది. వాళ్లు వాడే నల్లని వాటర్ పేపరే కత్తికీ సరిపోతుంది. దాని మీది రేణువులు సిలికాన్ కార్బైడ్‌వి. 1890ల తొలినాళ్లలో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ వజ్రాలు చేయబోతే దొరికిన పదార్థమిది. నీళ్లలో నానినా ఊడని కాగితం 1921లో మార్కెట్‌లోకి వచ్చింది. అంతకుముందు ఈ పనికి ప్రకృతిలో దొరికే రాళ్లపొడులే ఆధారం. అలాంటి రాళ్లలో గట్టిదైన కురువిందం ఖమ్మం, అనంతపురం ప్రాంతాల్లో దొరుకుతుంది.

కాగితం వెనక ఉండే నంబరు పెరిగేకొద్దీ రేణువు చిన్నదవుతుంది. అంతర్జాతీయ 'పి' కొలమానంలో 400 అంటే రేణువు సుమారు 35 మైక్రాన్లు, 600 అంటే 26, 1000 అంటే 18, 2000 అంటే 10. ముతక రేణువులను జల్లెడలతో వేరుచేస్తారు. ఇంత సన్నవాటికి జల్లెడ లేదు కాబట్టి ద్రవంలో ఎంత వేగంగా అడుగుకు దిగుతాయో చూసి విడదీస్తారు. సానరాళ్ల నంబర్లు వేరే లెక్కవి. జపాన్ సానరాయి మీది 2000, కాగితం మీది 2000 ఒకటి కాదు, రాయే సన్నం. రెంటినీ కలిపి వాడేవాళ్లు నంబరును కాకుండా మైక్రాన్లను చూడడం మంచిది. ఒక దశ నుంచి తర్వాతి దశకు రేణువు సుమారు మూడింట రెండు వంతులకు తగ్గేలా ఎంచుకుంటే, అంటే 400, 800, 1500, 2500 వరసలో పోతే పని సాఫీగా సాగుతుంది. 400 నుంచి ఒక్కసారిగా 2000కు దూకితే కాగితాలు నాలుగు అరిగిపోయినా గీతలు అక్కడే ఉంటాయి.

కత్తిని చేతిలో పట్టుకుని రుద్దడం ప్రమాదం. మందపాటి చెక్క మీద రేకును పరచి, పిడి చెక్క బయటికి వచ్చేలా క్లాంపుతో బిగించాలి. వాదర చెక్క అంచు దాటి బయటికి రాకూడదు. వాదర మీద రెండు పొరలు టేపు వేసి, కిందివైపు పాత గుడ్డ పరవాలి. కాగితాన్ని వేళ్లకు చుట్టుకోకుండా అగ్గిపెట్టెంత చెక్కముక్కకో గట్టి రబ్బరుకో చుట్టాలి. వెనక గట్టి దన్ను ఉంటేనే కాగితం ఎత్తైన చోట్లను మాత్రమే అరగదీస్తుంది. వేలి మెత్తదనానికి కాగితం గీత లోపలికి కూడా దిగి, గీత అంచులను గుండ్రం చేస్తుందే తప్ప చెరపదు. వంటకత్తి రేకు చూపుకు చదునుగా ఉన్నా వెన్ను నుంచి వాదరకు సన్నబడుతూ కొంచెం ఉబ్బెత్తుగానే ఉంటుంది. అందువల్ల గాజుపలకలాంటి పూర్తి చదును దన్ను పనికిరాదు, రవ్వంత లొంగే గట్టి రబ్బరు మేలు.

కాగితాన్ని నీళ్లలో కాసేపు నానబెట్టి, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లు రేకు మీద చిలకరిస్తూ రుద్దాలి. నీళ్లు అరిగిన లోహాన్ని కడిగేస్తాయి, కాగితం పూడిపోకుండా చూస్తాయి, ధూళిని లేవనివ్వవు. ఇసుకరాతి చక్రాల మీద పొడిగా సానపట్టిన షెఫీల్డ్ కార్మికులు ఆ రాతిధూళికి ఊపిరితిత్తులు చెడి చిన్న వయసులోనే చనిపోయేవారు. నేటి కాగితంలో ఆ ఇసుకరాయి లేకపోయినా లోహపు ధూళి పీల్చదగింది కాదు. మొదటి కాగితాన్ని పిడి నుంచి మొన వైపు పొడవునా నడపాలి. రెండో కాగితాన్ని అడ్డంగా, వెన్ను నుంచి వాదర వైపుకే తొయ్యాలి. వాదర నుంచి వెన్ను వైపు లాగితే టేపు చిరిగి, కాగితం తెగి, ఆ తర్వాత వేలు తెగుతుంది. మూడోది మళ్లీ పొడవునా. ఇలా దిక్కు మారుస్తూ పోతే కొత్త గీతలకు అడ్డంగా ఉన్న పాత గీత ఒక్కటి మిగిలినా కంటికి దొరికిపోతుంది. ఒకే దిక్కున రుద్దితే పాతవి కొత్తవాటి మధ్య దాక్కుంటాయి, చివర పాలిష్ పట్టాక బయటపడతాయి. నొక్కి రుద్దడం వల్ల పని త్వరగా కాదు, కొత్తగా లోతు గీతలు పడతాయి. కాగితం మారినప్పుడల్లా కత్తి, చెక్క, చేతులు, నీళ్లగిన్నె అన్నీ కడగాలి. 400 కాగితం నుంచి రాలిన ఒక్క రేణువు 2000 కాగితం కింద చిక్కిందంటే గంటసేపటి పని పోయినట్టే.

ఎంతవరకు వచ్చిందో చూడడానికి ట్యూబులైటు చాలు. 400 దశ ముగిశాక రేకును ఎదురుగా నిలువునా పట్టుకుంటే లైటు ప్రతిబింబం కనిపించదు, ఒక తెల్లని వెలుగు మాత్రం పరుచుకుంటుంది. 1000 దగ్గర ఆ వెలుగు పొడుగాటి చారగా కూడుకుంటుంది. 2000 దాటాక ట్యూబు అంచులు తెలుస్తాయి గాని వాటి చుట్టూ పొగమంచులాంటి మసక ఉంటుంది. అదే రేకును కంటి ఎత్తుకు తెచ్చి, దాదాపు చదునుగా పట్టి ఏటవాలుగా చూస్తే 800 దశలో కూడా అది అద్దంలా కనిపిస్తుంది. చూపు కోణం వాలేకొద్దీ కాంతికి ఎగుడుదిగుళ్ల ఎత్తు తగ్గినట్టే లెక్క. ఈ ఏటవాలు చూపును నమ్మి తృప్తిపడితే మోసపోవడమే. ఎదురుగా పట్టుకుని, గోడ క్యాలెండరులో అంకెలు రేకులో చదవగలిగితే అప్పుడు పని పూర్తయినట్టు.

ఆ మసక పోవడానికి కాగితం సరిపోదు, పాలిష్ పదార్థం కావాలి. చవకగా దొరికేది ఆకుపచ్చని పాలిష్ కడ్డీ. మైనంలో కలిపిన క్రోమియం ఆక్సైడ్ అది. రేణువు సుమారు అర మైక్రాను, గట్టిదనం స్టీలును మించినది. పేరులో క్రోమియం ఉన్నందుకు జంకనక్కర్లేదు, విషమైన క్రోమియం సమ్మేళనాల కోవలోనిది కాదిది. పాత తోలు బెల్టు ముక్కను చెక్కకు అంటించి, గరుకువైపు ఆ కడ్డీతో రుద్ది, కత్తిని దాని మీద వెన్ను ముందుగా, వాదర వెనకగా నడపాలి. ఇంకా మంచి ఫలితం కావాలంటే వజ్రపు పేస్టులు ఉన్నాయి. 6, 3, 1 మైక్రాన్ల వరసలో, ఒక్కోదానికి విడి తోలుముక్క పెట్టుకోవాలి. ఇంజిను వాల్వులకు వాడే గ్రైండింగ్ పేస్టు పేరుకు పేస్టే అయినా బాగా ముతక, కత్తి మీద పెట్టకూడదు.

ఎక్కువ కార్బన్ ఉన్న ఖరీదైన కత్తుల్లో ఈ దశలో ఒక చిక్కు వస్తుంది. ఎంత రుద్దినా రేకు మీద నారింజతొక్కలాంటి సన్నని గతుకులు కనిపిస్తుంటాయి. ఆ స్టీలులో కార్బన్, క్రోమియం కలిసి చిన్నచిన్న కార్బైడ్ గింజలు కడతాయి. అవి చుట్టూ ఉన్న లోహంకన్నా బాగా గట్టివి. మెత్తని గుడ్డతో ఎక్కువసేపు రుద్దితే చుట్టుపక్కల లోహం అరిగి గింజలు పైకి తేలతాయి. మందు ఎక్కువ రుద్దడం కాదు, తక్కువ రుద్దడం. గట్టి దన్నుకు మారి, వజ్రపు పేస్టుతో కొద్దిసేపట్లో ముగించాలి. వజ్రానికి కార్బైడయినా లోహమయినా ఒకటే.

అద్దంలాంటి మెరుపు అందరికీ అక్కర్లేదు, వంటింట్లో నిజానికి అంత అవసరం కూడా కాదు. అది ముట్టుకున్న ప్రతి వేలిముద్రనూ, తోమిన ప్రతిసారి పడే గీతనూ చూపెడుతుంది. చాలా కంపెనీల కత్తులు ఒకే దిక్కున సన్నని గీతలతో, పట్టులాంటి నిగారింపుతో వస్తాయి. వాడకం గీతలు అందులో కలిసిపోతాయి. దాన్ని తిరిగి తేవడం అద్దం చెయ్యడంకన్నా సులువు. 400, 600 దశలు పూర్తిచేశాక కొత్త 600 కాగితం తీసుకుని, పిడి నుంచి మొనకు ఒక్క ఊపున, వెనక్కి లాగకుండా, ప్రతిసారి ఎత్తి మొదటినుంచి నడపాలి. వెనక్కి లాగితే గీత చివర కొక్కెంలా వంగిన గుర్తు పడుతుంది, నిగారింపు చెడుతుంది. రోజూ వాడే కత్తికి ఇంతటితో ఆగడమే తెలివైన పని.

మిషను మీద బఫ్ చక్రంతో ఈ పనంతా నిమిషాల్లో అవుతుందన్నది నిజమే. అందులో రెండు అపాయాలున్నాయి. తిరిగే గుడ్డచక్రం వాదరనో మొననో పట్టుకుందంటే కత్తిని గదిలో ఏ మూలకైనా విసిరేస్తుంది. సానపట్టే దుకాణాల్లో పెద్ద దెబ్బలు ఎక్కువగా ఇలాగే తగులుతాయి. రెండోది వేడి. గట్టిపరచిన కత్తి స్టీలును తిరిగి కొంచెం కాచి పదును నిలిచేలా సరిచేస్తారు, వంటకత్తులకు ఆ వేడి చాలావరకు 150 నుంచి 200 డిగ్రీల సెల్సియస్. సన్నని వాదర చక్రం కింద అంతకన్నా వేడెక్కితే అక్కడి లోహం మెత్తబడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మామూలు ఉక్కుకన్నా వేడిని నిదానంగా పంచుతుంది కాబట్టి ఒకేచోట వేడి పోగవుతుంది. రంగు మారేసరికి చెయ్యి దాటిపోయి ఉంటుంది. కత్తి వట్టి చేత్తో పట్టుకోలేనంత వేడెక్కిందంటే అక్కడే ఆపాలి. చేత్తో రుద్దేవాళ్లకు ఈ బాధ ఉండదు.

వంటింటి చిట్కాల విషయానికి వస్తే, టూత్‌పేస్టులో కాల్షియం కార్బొనేట్, మెత్తని సిలికా ఉంటాయి. మసక పోగొట్టగలవు, గీతను తీయలేవు. వంటసోడా స్టీలుకన్నా చాలా మెత్తనిది, జిడ్డుకు పనికొస్తుంది. ఇత్తడి బిందెలకు చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమే పద్ధతి కత్తికి వద్దు, ఇటుకపొడిలోని ఇసుక కొత్త గీతలు పెడుతుంది. ఇనుప పీచు అసలు దగ్గరికి రానివ్వకూడదు. దాని నుంచి తెగిన ఇనుప నలుసులు రేకులో గుచ్చుకుని తుప్పు పడతాయి, చూసేవాళ్లు కత్తికే తుప్పు పట్టిందనుకుంటారు.

పాలిష్ వేరు, పదును వేరు. రేకు అద్దంలా ఉండి టమాటా తెగకపోవచ్చు, రేకు మసకగా ఉండి వెంట్రుక తెగవచ్చు. పదును వాదర చివరి మైక్రాను సంగతి. రేకును రుద్దుతున్నప్పుడు వాదర ఎంతో కొంత మొద్దుబారక తప్పదు కాబట్టి పాలిష్ ముందు, సాన తర్వాత. అద్దపు రేకుకు ముక్కలు అంటవన్న నమ్మకం కూడా సరికాదు. తడి బంగాళాదుంప ముక్కకూ నునుపైన చదును రేకుకూ మధ్య గాలి దూరే సందు ఉండదు, ముక్క అంటుకునే ఉంటుంది. కొన్ని కత్తుల రేకు మీద గుంటలు, సుత్తిదెబ్బల గుర్తులు ఉండేది ఆ సందు కల్పించడానికే.

పని ముగిశాక మైనం, పేస్టు పోయేలా గోరువెచ్చని నీళ్లలో మెత్తని స్పాంజి, సబ్బుతో కడిగి, పిడి మొదట్లో చిక్కిన మురికిని పాత టూత్‌బ్రష్షుతో తీసి, వెంటనే తుడిచి ఆరబెట్టాలి. తర్వాత రోజుల్లో మెరుపు నిలవాలంటే స్క్రబ్బరు గరుకువైపు దూరంగా ఉంచాలి, ఉప్పునీళ్లలో నానబెట్టకూడదు. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు క్రోమియం ఆక్సైడ్ పొరకు చిల్లులు పెడతాయి, ఆ చిల్లు కింద సూదిమొనంత గుంట లోపలికి తొలుచుకుపోతుంది. బ్లీచింగ్ ద్రావణం కూడా అంతే. అలాంటి గుంట పడ్డ కత్తిని మళ్లీ అద్దం చెయ్యాలంటే గుంట లోతుదాకా రేకునంతా అరగదీయాలి. అంత లోహం పోగొట్టుకోవడంకన్నా గుంటను ఉండనిచ్చి, చుట్టూ 600 కాగితంతో నిగారింపు తెచ్చి వాడుకోవడం నయం.